గంట మోగలేదేమిటమ్మాయ్?

పన్నెండేళ్లుగా కీబోర్డు మీదే బతుకుతున్నాను. షిఫ్ట్ మీటకు ఆ పేరెందుకొచ్చిందో మొన్న మే నెల దాకా నాకు తెలియదు. తెలుసుకోవాలని తోచనైనా లేదు. మా ఎదురింటి మామయ్యగారు చెప్పారు. ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. పైగా అప్పుడు నేను ఆయనకి కంప్యూటర్ నేర్పుతున్నాను! ఆ రోజు నుంచి కనిపించినవాళ్లందరికీ ఈ కబుర్లే చెబుతున్నాను. అయినా తనివి తీరడం లేదు, అందుకే ఇలా రాస్తున్నాను.

వేసవిలో ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారని తెనాలి వచ్చాను. వచ్చిన మర్నాడే మా అమ్మ వీధంతా చాటింపు వేసింది, "మా అమ్మాయి కంప్యూటర్ పనులన్నీ చేసిపెడుతుంది" అని. ఇక చూడండి! కరెంటు బిల్లు కట్టమని ఒకరు, పెన్షన్ కాగితం తీసిపెట్టమని ఒకరు, డల్లాస్‌లో ఉన్న మనవణ్ణి పెద్ద తెర మీద చూపించమని ఒకరు. నాలుగో రోజుకి నాకు విసుగొచ్చి, "ఎన్నాళ్లు చేసిపెడతాను, మీరే నేర్చుకోకూడదూ?" అన్నాను. ఏదో నోరు జారిన మాట. మర్నాడు సాయంత్రం అయిదింటికి మా వసారాలో అయిదుగురు వచ్చి కూర్చున్నారు, ఒళ్లో నోటుపుస్తకాలతో.

కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన ఎదురింటి మామయ్యగారు. సందు చివర మిషను కుట్టే అక్క. కిరాణా కొట్టు బాబాయి. మా వీధిలో సగం మందికి అక్షరాలు దిద్దించిన టీచరమ్మగారు. మనవడి కోసం మా పిన్ని. సరంజామా ఏమిటంటే నా లాప్‌టాప్, తమ్ముడు వదిలేసి వెళ్లిన విండోస్ 7 డెస్క్‌టాప్ ఒకటి.

మొదటి రోజు పాఠం గురించి చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. సీపీయూ అంటే ఏమిటి, ర్యామ్ అంటే ఏమిటి, ఇన్‌పుట్ పరికరాలు ఏవి, అవుట్‌పుట్ పరికరాలు ఏవి అంటూ నలభై నిమిషాలు ఊదరగొట్టాను. అక్క ఆవులింతలు ఆపుకుంటోంది. బాబాయి రెండుసార్లు గడియారం చూసి, "అమ్మాయ్, కొట్టు తెరవాలి" అని లేచాడు. మిగతావాళ్లు మర్యాదకి కూర్చున్నారు. పెద్దవాళ్ల బుర్రకి ఇవి ఎక్కవులే అనుకున్నాను. ఆ రాత్రి నిజంగా అలాగే అనుకున్నాను.

రెండో రోజు మాటలు మానేసి మౌస్ అక్క చేతికిచ్చాను. ఆమె దాన్ని ఎత్తి తిన్నగా తెరకి ఆనించింది. నవ్వు ఆపుకుని, "అలా కాదక్కా, చెయ్యి బల్ల మీదే ఉండాలి, చూపు మాత్రం తెర మీదుండాలి" అన్నాను. ఇది కొత్తవాళ్లకు చాలా కష్టమని విన్నాను, ఒక వారం పడుతుందని లెక్కేసుకున్నాను.

"ఓస్, అంతేనా? మిషను దగ్గర చేసేది అదేగా చెల్లీ. కాలు తొక్కుతుంటది, చెయ్యి గుడ్డని తోస్తుంటది, కన్ను సూది మీదుంటది. చెయ్యెటు పోతుందో చూసుకుంటా కూర్చుంటే వేలు కుట్టుకుంటాం" అంది.

ఇరవై నిమిషాలు! ఇరవై నిమిషాల్లో ఆమె పెయింట్‌లో మౌస్ పట్టుకుని జాకెట్టుకి పాట్ నెక్ గీసింది. ఆ వంపు నేను గీస్తే కుండ పగిలినట్టు వస్తుంది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన 1964లో చెక్క డబ్బాలో చక్రాలు పెట్టి మొదటి మౌస్ చేయించాడు. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో పెద్ద సభ ముందు దాన్ని ఆడించి చూపిస్తే జనం నోరెళ్లబెట్టారు. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట పెట్టే విద్య అప్పటికే కుట్టుమిషన్ల దగ్గర నూరేళ్లుగా సాగుతోందని నాకు తోచింది మా వసారాలో.

తర్వాత కట్, పేస్ట్ చూపించాను. గీసిన మెడలో ఒక ముక్క కత్తిరించి పక్కన అతికించింది. కంట్రోల్ జెడ్ నొక్కమన్నాను. ముక్క మళ్లీ మొదటి చోటికి వచ్చేసింది. అక్క నొక్కడం ఆపి నా మొహంలోకి చూసింది.

"కత్తిరించింది మళ్లీ అతుక్కుందా?"

"అతుక్కుందక్కా."

"ఎన్నిసార్లు కత్తిరించినా?"

"ఎన్నిసార్లు కత్తిరించినా."

"చెల్లీ, జాకెట్టు గుడ్డకి ఈ మీటుంటే నా బతుకు ఎంత హాయిగా ఉండేదే!"

ఏదో నొక్కితే కంప్యూటర్ పాడైపోతుందన్న భయం అయిదుగురికీ ఆ క్షణంలోనే పోయింది. నేను చెబితే పోలేదు. పన్నా గజమూ తెలిసిన మనిషి, కత్తెర పడితే తిరుగులేదని తెలిసిన మనిషి ఆశ్చర్యపోతే పోయింది.

ఇక మామయ్యగారు. ఆయన కీబోర్డు ముందు కూర్చోవడమే చూడాలి! వెన్ను నిటారుగా, మోచేతులు ఒంటికి ఆనించి, వేళ్లు వంచి. ఎఫ్, జె మీటల మీదున్న చిన్న గీతలు తగిలి, "ఇవేమిటి, మాకు లేవే" అన్నారు. తర్వాత "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" అని పెదాల మీదే అనుకుంటూ కొట్టడం మొదలుపెట్టారు. టైపు ఇన్‌స్టిట్యూట్లో మొదటి రోజు పాఠమట అది. ముప్పై ఏళ్లు కోర్టు తీర్పులు కొట్టిన వేళ్లు. మా వసారాలో వాన కురిసినట్టు చప్పుడు. తెర మీద వరస చివరికొచ్చింది. ఆయన టక్కున ఆపేశారు. చెవి కొంచెం పక్కకి వంచి, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు.

"గంట మోగలేదేమిటమ్మాయ్?"

"ఏ గంట మామయ్యగారూ?"

అప్పుడు చెప్పారు. టైపు మిషన్లో వరస ఇంకొన్ని అక్షరాల్లో అయిపోతుందనగా గంట మోగుతుందట. మోగితే ఆ మాట ముగించి, ఎడమచేత్తో పిడి పట్టుకుని కాగితం బండిని కుడి పక్కకి తోసేస్తే, అది వరస మొదటికి తిరిగొస్తుంది. ఆ బండి తిరిగి రావడమే రిటర్న్. మన ఎంటర్ మీటకు ఇప్పటికీ కొన్ని కీబోర్డుల మీద రిటర్న్ అనే ఉంటుంది! నేను ఆ మాట వేలసార్లు చూశాను. ఎక్కడికి రిటర్న్ అని ఒక్కసారీ అడగలేదు.

"మరి షిఫ్ట్?" అన్నాను. అప్పటికి నేను కుర్చీ లాక్కుని ఆయన ముందు కూర్చున్నాను.

"షిఫ్ట్ అంటే జరగడం కదూ? ఒక్కో అచ్చుకడ్డీ మీద రెండు అక్షరాలుంటాయి, కింద ఒకటీ పైన ఒకటీ. షిఫ్ట్ నొక్కితే లోపల ఆ చట్రం మొత్తం జరుగుతుంది. అప్పుడు రెండో అక్షరం కాగితానికి తగులుతుంది. చిటికెన వేలితో నొక్కాలి దాన్ని. బరువమ్మా! రాత్రికి వేలు సలిపేది."

లోపలికెళ్లి వెతికాను. 1874లో రెమింగ్టన్ వాళ్లు అమ్మిన మొదటి మిషన్లో అన్నీ పెద్దక్షరాలే. చిన్నక్షరాలు కూడా కావాలని 1878లో వచ్చిన రెండో మిషనుకి షిఫ్ట్ పెట్టారు. అంటే నేను వాట్సాప్‌లో పెద్ద అక్షరం కోసం నొక్కేది నూట నలభై ఏళ్లనాటి ఇనప చట్రం జరిగిన జ్ఞాపకాన్ని. ట్యాబ్ సంగతీ అంతే, పట్టికలు కొట్టడానికి బండిని ఒక్క దూకులో గడి నుంచి గడికి పంపే మీట అది. బ్యాక్‌స్పేస్ మాత్రం అప్పట్లో వెనక్కి వెళ్లేదే గానీ చెరిపేది కాదట. తన తప్పు తెర మీద మాయమవుతుంటే ఆయన నాలుగుసార్లు కావాలని తప్పు కొట్టి చెరుపుకున్నారు, చిన్నపిల్లాడిలా.

ఈమెయిల్ పాఠం రోజున సీసీ గడి చూపించి, "ఇక్కడ ఇంకొకరి పేరు రాస్తే వాళ్లకీ నకలు వెళుతుంది" అన్నాను. ఆయన పకపకా నవ్వారు. "కార్బన్ కాపీ అని చెప్పవేమే! నాలుగు కాగితాల మధ్య మూడు కార్బన్లు పెట్టి గట్టిగా కొడితే నాలుగు ప్రతులు. నాలుగోది మసగ్గా ఉంటుంది, అది మాత్రం పెద్దవాళ్లకి ఇవ్వకూడదు." నేను రోజూ పదిమందికి సీసీ పెడతాను. కార్బన్ కాగితం చేత్తో పట్టుకున్నది మాత్రం ఆ మర్నాడే. ఆయన ట్రంకుపెట్టెలోంచి తెచ్చి చూపించారు. వేళ్లకి నీలం అంటింది.

ఆయనకీ ఒకచోట చుక్కెదురైంది. ఫారంలో ఫోన్ నంబరు ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోంది. చూస్తే అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అరగంట బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, ఒకటి అంకె ఉండాల్సిన చోటల్లా ఆయన చిన్న ఎల్ అక్షరం కొడుతున్నారు! ఆయన నేర్చుకున్న పాత రెమింగ్టన్‌లో ఒకటికి మీటే లేదు. ఎల్ కొడితే ఒకటిలా పడేది, సరిపోయేది. యాభై ఏళ్లనాటి వేలి అలవాటు అది. సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఇంత అందమైన తప్పు నేనెప్పుడూ చూడలేదు.

ఇదంతా ఒక ఎత్తు, టీచరమ్మగారి సంగతి ఒక ఎత్తు. ఆమెకి "అమ్మ" అని కొట్టడం నేర్పబోయాను. నాకు తెలిసిన పద్ధతి ఒకటే, ఇంగ్లీషు అక్షరాల్లో ఎ, ఎమ్, ఎమ్, ఎ అని కొడితే తెలుగులోకి మారుతుంది. ఆమె కళ్లజోడు సర్దుకుని నెమ్మదిగా అడిగారు.

"తెలుగు రాయడానికి ముందు ఇంగ్లీషు రాయాలా తల్లీ?"

నా దగ్గర సమాధానం లేదు. సెట్టింగుల్లోకి వెళ్లి వెతికితే తెలుగు కీబోర్డు అక్కడే ఉంది. విండోస్‌తో పాటే వస్తుంది, ఇన్నాళ్లూ నేను దాని మొహం చూడలేదు. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకి ఒకే అమరిక ఉండాలని ఖాయం చేసింది. బొమ్మ ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని ఇంటికి పట్టుకెళ్లారు. మర్నాడు వచ్చి, "ఇది ఎవరో గుణింతం బాగా తెలిసినవాళ్లు చేశారమ్మా" అన్నారు.

ఆమె చెప్పింది చెబుతాను, మీరూ వినండి. ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులు. గుడి మధ్య వరసలో ఉంటే గుడి దీర్ఘం సరిగ్గా దాని పై వరసలో. కొమ్ము పక్కన ఉంటే కొమ్ము దీర్ఘం దాని నెత్తిన. క మీటే షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఖ. గ మీటే అలా నొక్కితే ఘ. త, థ ఒకటే మీట. ప, ఫ ఒకటే మీట. "అల్పప్రాణాన్ని ఒత్తి పలికితే మహాప్రాణం అని ముప్పై ఆరేళ్లు పిల్లలకి చెప్పాను. ఇక్కడ ఒత్తి పట్టుకుంటే మహాప్రాణం! అంతేగా?"

అంతే! అంతకంటే బాగా ఏ పుస్తకం చెబుతుంది?

ఇంకొకటి చెప్పారు. నాకు ఒళ్లు జలదరించింది. అ అక్షరమూ, పొల్లూ ఒకే మీట మీదున్నాయి. డి మీట ఊరికే నొక్కితే పొల్లు, షిఫ్ట్‌తో నొక్కితే అ. "ఎందుకో తెలుసా? క అంటే క్ మీద అ ఉన్నట్టు. ఆ అ తీసేస్తే మిగిలేది పొల్లు. అ అన్నదీ ఈ మీటే, దాన్ని తీసేసేదీ ఈ మీటే" అన్నారు. అన్నాక "అమ్మ" కొట్టారు. అ, మ, పొల్లు, మ. డి మీట రెండుసార్లు, దాని కిందే ఉన్న సి మీట రెండుసార్లు. అమ్మ అనే మాట మొత్తం రెండు మీటల్లో ఉంది! ఇన్నాళ్లూ ఎక్కడున్నాను నేను?

ఊరుకోలేక కీబోర్డు భాష కన్నడానికి మార్చాను. "మళ్లీ అవే మీటలు నొక్కండి" అన్నాను. కన్నడ లిపిలో అమ్మ వచ్చింది. హిందీకి మార్చాను, దేవనాగరిలో వచ్చింది. ఆవిడ తెర మీద చెయ్యి వేసి ఆ మూడు మాటలూ నిమిరారు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు నేనూ ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను. ఈ వ్యాసంలో సగం దానితోనే కొట్టాను. ఆ సగం ఏదో నా తప్పులు చూస్తే తెలిసిపోతుంది.

బాబాయిది పేకాట దారి. పాత విండోస్‌లో సాలిటేర్ ఆట ఉంటుంది కదా, అది 1990లో విండోస్ 3.0తో వచ్చింది. మౌస్‌తో పట్టి లాగడం జనానికి అలవాటు కావడానికి అది బాగా పనికొచ్చింది. ఎర్ర ఎనిమిది నల్ల తొమ్మిది మీదికి లాగమంటే బాబాయికి ఇంకేం కావాలి! రెండు రోజులు అతన్ని కంప్యూటర్ దగ్గర్నుంచి లేపలేకపోయాం. మూడో రోజు ఎక్సెల్ తెరిచాను. అడ్డగీతలూ నిలువుగీతలూ చూసి, "ఇది ఆవర్జా పుస్తకమే కదమ్మాయ్" అన్నాడు. నిజమే! 1979లో వచ్చిన విజిక్యాల్క్, అంటే ఈ జాతికి ముత్తాత, పద్దుల కాగితాన్ని తెర మీదికి ఎక్కించాలన్న ఆలోచనలోంచే పుట్టింది. కందిపప్పు ధర మార్చి చూపించాను. కింద మొత్తం దానంతటదే మారింది. బాబాయి నమ్మలేదు. కళ్లు మూసుకుని నోటిలెక్క వేసుకుని, సరిపోయాక తల ఊపాడు. అంతలో మొహం ముడుచుకున్నాడు.

"పాత ధర ఏది?"

"పోయింది బాబాయ్."

"పోతే ఎట్లా? పద్దు పుస్తకంలో చెరపకూడదు. అడ్డంగా గీత కొట్టి పక్కన కొత్తది రాయాలి. రేపు ఎవడన్నా అడిగితే ఏది చూపిస్తావ్?"

మా కంపెనీలో మార్పు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ముందేముంది అన్నది నిలిపి ఉంచడానికి పెద్ద వ్యవస్థే ఉంది. అది ఎందుకుండాలో కొత్తగా చేరినవాళ్లకు నేను గంటసేపు చెబుతాను. బాబాయి ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

పిన్నికి ఉద్యోగం లేదు, కొట్టు లేదు. ఆమెకి దేంతో ముడిపెట్టి చెప్పాలా అని నేను మథనపడుతుంటే ఆమే, "ఈ తెర మీద బొమ్మ ఎట్లా వస్తుందే?" అంది. అన్నీ చుక్కలు పిన్నీ, 1920 చుక్కలు, 1080 వరసలు అన్నాను. "సరి చుక్కా, సందు చుక్కా?" అని అడిగింది! సరి చుక్కే అన్నాను. వేళ్ల మీద ఏదో లెక్కేసి, "ఇరవై లక్షల పైమాటే. అంత ముగ్గు ఎవరు కలుపుతారే?" అంది. ఇరవై లక్షల డెబ్బైమూడు వేల ఆరువందలు. ఆ చుక్కల్లోంచి డల్లాస్ మనవడు నవ్వాడు. పిన్ని ఏడ్చింది. అందరం చూడనట్టు నటించాం.

అందరికీ నేను నిజంగా నేర్పింది ఒకటుంది. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదని, పోలీసులమని వీడియోలో బెదిరిస్తే ఫోన్ పెట్టేయాలని, డబ్బు పోతే వెంటనే 1930కి చేయాలని. దీనికి వాళ్ల పాత అనుభవంలో తాళంచెవి తప్ప పోలిక దొరకలేదు. ఈ ఒక్క పాఠం మూడుసార్లు చెప్పాను.

మొదటి రోజు నా తప్పేమిటో ఇప్పుడు తెలుస్తోంది. వాళ్లకేమీ తెలియదనుకుని మొదలుపెట్టాను. తెలిసినదాని దగ్గరే మొదలుపెట్టాలనడానికి తెలుగునేల మీదే తిరుగులేని ఉదాహరణ ఉందని తర్వాత చదివాను. 2000లో టీసీఎస్ కంపెనీ వాళ్లు తమ పూర్వ సారథి ఫకీర్‌చంద్ కోహ్లీ ప్రోద్బలంతో మెదక్ జిల్లా బీరంగూడలో చదువురాని పెద్దవాళ్లకి కంప్యూటర్ బొమ్మలతో చదవడం నేర్పారు. అక్షరమాల దగ్గర కాకుండా మాటల దగ్గర మొదలుపెట్టారు. ఆ మాటలు వాళ్ల నోట్లో ఎప్పుడూ ఉన్నవే, కంటికి పరిచయం చేయడమే మిగిలింది. కంప్యూటరూ అంతే. ఫైలు, ఫోల్డరు, కత్తెర, కార్బన్, ఆవర్జా, బండి తిరిగొచ్చే మీట, అన్నీ వీళ్ల బల్లల మీంచి తీసుకెళ్లినవే. సామాను వీళ్లది, మనం తర్వాత వచ్చి అద్దెకు దిగాం.

2017లో మొదలై 2024 మార్చిలో ముగిసిన కేంద్ర డిజిటల్ అక్షరాస్యత పథకంలో పల్లెవాళ్లకి ఇరవై గంటల శిక్షణ పెట్టారు. మా వసారాలో ఇరవై గంటలు దాటి చాలా రోజులైంది, ఎవరూ మానలేదు. కరెంటు బిల్లుల కోసం మా ఇంటికి ఎవరూ రావడం లేదు. మొన్న మా ఇంటి బిల్లు కూడా అక్కే కట్టింది.

కాబట్టి మీకు చెప్పేదేమిటంటే, అటక మీద పాత కంప్యూటర్ ఉంటే ఈ ఆదివారమే దించండి. వీధిలో నలుగుర్ని పిలవండి. మౌస్ చేతికిచ్చే ముందు, "మీరేం పని చేసేవారండీ?" అని అడగండి. ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. రాసుకోవలసింది మీరే.